రివార్డ్ సైట్లకు ఇచ్చే కమిషన్ గిట్టుబాటవుతోందా? మీ లెక్క మీరే తేల్చుకోండి

"క్యాష్‌బ్యాక్ సైట్లను మా అఫిలియేట్ ప్రోగ్రామ్‌లో (కస్టమర్‌ని పంపినవాళ్లకు అమ్మకం మీద కమిషన్ ఇచ్చే ఏర్పాటులో) చేర్చుకోమంటారా, వద్దంటారా?" ఆన్‌లైన్ షాపు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఇప్పటికే చేర్చుకున్నవాళ్లు ఇంకోలా అడుగుతారు: "రిపోర్టులో అమ్మకాలు బోలెడు కనిపిస్తున్నాయి, నెలాఖరుకి చేతిలో మిగిలేది మాత్రం పెరగడం లేదు. ఎక్కడ పోతోంది?" ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు, నేను పని చేసే పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి. మధ్యలో మీ అంకెలు వేసుకోవాల్సి ఉంటుంది.

ముందు డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తుందో రెండు ముక్కల్లో. కస్టమర్ రివార్డ్ సైట్లో లాగిన్ అయ్యి, అక్కడి లింక్ నొక్కి మీ షాపుకి వస్తాడు, కొంటాడు. మీరు ఆ సైటుకి కమిషన్ ఇస్తారు. మధ్యలో అఫిలియేట్ నెట్‌వర్క్ (క్లిక్‌లు, ఆర్డర్లు, కమిషన్ల లెక్క చూసే మధ్యవర్తి కంపెనీ) ఉంటే దాని వాటా అదనం. ఆ కమిషన్‌లో కొంత, ఒక్కోసారి మొత్తం, సైటు కస్టమర్‌కి క్యాష్‌బ్యాక్‌గానో పాయింట్లుగానో ఇస్తుంది. ఇది నిన్న మొన్న పుట్టిన వ్యాపారం కాదు. ఈబేట్స్ అనే క్యాష్‌బ్యాక్ సైటు 1998లో మొదలైంది. 2014లో జపాన్‌కు చెందిన రకుటెన్ దాన్ని సుమారు 100 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. కూపన్లు వెతికిపెట్టే హనీ అనే ఎక్స్‌టెన్షన్‌ని (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌ని) పేపాల్ సుమారు 400 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2019 నవంబర్లో ప్రకటించింది. అంత విలువ పలికిందంటే ఈ సైట్ల దగ్గర కొనే ఉద్దేశంతో ఉన్న జనం ఉన్నారనే అర్థం. ఆ జనంలో ఎంతమంది ఆ సైటు లేకపోయినా మీ దగ్గరికే వచ్చేవాళ్లు? మనం తేల్చుకోవాల్సింది అదొక్కటే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక సగటు ఆర్డర్ మీద సరుకు ఖర్చు, ప్యాకింగ్, డెలివరీ, పేమెంట్ గేట్‌వే చార్జీలు. ఉజ్జాయింపు వద్దు, గత 3 నెలల బిల్లులు తీసి వేయండి.
- క్యాన్సిల్, రిటర్న్ శాతం. వీలైతే కేటగిరీల వారీగా.
- అఫిలియేట్ నెట్‌వర్క్ నుంచి ఆర్డర్ల వారీ రిపోర్టు. క్లిక్ సమయం, ఆర్డర్ సమయం రెండూ అందులో ఉండాలి. మామూలు డ్యాష్‌బోర్డు స్క్రీన్‌షాట్ పనికిరాదు, ఎక్సెల్ లాంటి షీటులో తెరుచుకునే సీఎస్‌వీ ఫైల్ కావాలి.
- మీ షాపు ఆర్డర్ల జాబితా. ఆ కస్టమర్ మొదటిసారి కొన్నాడా, పాతవాడా అని తెలిసేలా.
- రిపోర్టు చూడటానికి వారానికి ఒక గంట, తీసిపెట్టుకున్న టైమ్. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా ప్రోగ్రామ్ మొదలుపెట్టకండి.

1. మీరు ఎంత ఇవ్వగలరో ముందు లెక్క వేయండి

పోటీదారు 8 శాతం ఇస్తున్నాడు కదా అని మనమూ 8 శాతం పెట్టేయడం అందరూ చేసే పని. అతని మార్జిన్ మీకు తెలియదు. మీ లెక్క ఇలా వేసుకోండి.

ఆర్డర్ విలువ 1000 అనుకుందాం. సరుకు 600, ప్యాకింగ్ డెలివరీ 80, పేమెంట్ చార్జీ 20 పోతే మిగిలేది 300. కమిషన్ 8 శాతం అంటే 80. నెట్‌వర్క్ తన వాటాగా కమిషన్ మీద మరో 30 శాతం తీసుకుంటే 24. మొత్తం 104 పోయి, చేతిలో 196 మిగులుతుంది.

ఇక్కడిదాకా అందరూ వేస్తారు. దీని తర్వాతి లెక్క వేసేవాళ్లు తక్కువ. కమిషన్ కింద పోయే 104ని, కమిషన్ లేకపోతే మిగిలే 300తో భాగించండి. సుమారు 0.35 వస్తుంది. అంటే ఆ సైటు పంపిన ప్రతి 100 ఆర్డర్లలో కనీసం 35, ఆ సైటు లేకపోతే రానివి అయి ఉండాలి. 35 కంటే ఎక్కువైతే మీకు లాభం. తగ్గితే, రిపోర్టులో ఎంత పెద్ద అంకె కనిపించినా, ఎలాగూ మీ దగ్గర కొనేవాళ్లకే మీరు డబ్బులిచ్చి పంపుతున్నారు. (లెక్క తేలిగ్గా ఉండాలని రిటర్న్‌లను ఇక్కడ పక్కన పెట్టాను.)

సరిచూసుకోండి. సైటు ద్వారా 100 ఆర్డర్లు వస్తే మిగిలేది 19,600. సైటు లేకపోతే ఆ వందలో 65 మంది నేరుగా వచ్చి కొనేవాళ్లయితే, 65 ఇంటూ 300, అంటే 19,500. ఇంచుమించు సమానం. అందుకే 35 మనకు గీత.

ఇదే ఆర్డర్ మీద 10 శాతం కూపన్ కూడా పడిందనుకోండి. కస్టమర్ కట్టేది 900. 700 ఖర్చు పోగా 200. కమిషన్ 72, నెట్‌వర్క్ వాటా 21.60. మిగిలేది 106.40. ఇప్పుడు గీత ఎక్కడికి జరిగిందో చూడండి: నేరుగా వచ్చేవాళ్లు పూర్తి ధరకే కొనేవాళ్లయితే 100లో 65 ఆర్డర్లు కొత్తవి కావాలి. 35 నుంచి 65కి. క్యాష్‌బ్యాక్ మీద కూపన్ కలవడం ఎంత ఖరీదైన వ్యవహారమో ఈ ఒక్క లెక్కతో అర్థమైపోతుంది.

మీ అంకెలతో ఇదే లెక్క వేసి, ఆ గీత ఎంతో కాగితం మీద పెద్దగా రాసుకోండి. 7వ మెట్టులో దీంతో పని పడుతుంది. గీత 60 దాటితే కమిషన్ తగ్గించుకుని మళ్లీ లెక్క వేయండి. మార్జిన్ బాగా తక్కువుండే సరుకుల మీద ఎంత తగ్గించినా కుదరకపోవచ్చు. అలాంటి కేటగిరీని ప్రోగ్రామ్ బయట పెట్టేయండి, మొహమాటపడకండి.

2. సైట్లన్నిటినీ ఒకే గాటన కట్టకండి

రివార్డ్ సైట్ అనే పేరు కింద నాలుగైదు రకాలున్నాయి. వాటి విలువ వేరువేరు.

క్యాష్‌బ్యాక్ సైట్లు: కస్టమర్ ముందుగా సైటుకి వెళ్లి, ఏ షాపులో ఎంత వస్తుందో చూసి, అప్పుడు షాపు ఎంచుకుంటాడు. మీ పేరు పెద్దగా తెలియని షాపు అయితే ఇక్కడ మంచి అవకాశం ఉంది, ఎందుకంటే అతను షాపుని ఎంచుకునే చోటే మీరు కనిపిస్తారు.

పాయింట్ల పోర్టళ్లు: విమాన సంస్థలు, బ్యాంకులు తమ సభ్యుల కోసం నడిపేవి ఈ కోవలోవి. ఇక్కడివాళ్లు పాయింట్లు కూడబెట్టే పనిలో ఉంటారు కాబట్టి ఆర్డర్ విలువ కాస్త పెద్దగా ఉంటుందని ఆశించవచ్చు. మీ షీటులో సరిచూసుకోండి.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు: కస్టమర్ మీ సైట్లో ఉండగానే, చాలాసార్లు చెకౌట్ పేజీలోనే, "క్యాష్‌బ్యాక్ యాక్టివేట్ చేయండి" అని పైకి వచ్చేవి. నా అనుభవంలో డబ్బు ఎక్కువగా కారేది ఇక్కడే. అప్పటికే కార్ట్ నింపుకున్న మనిషిని మీ దగ్గరికి తెచ్చామని ఇవి లెక్క చెబుతాయి. ఎక్స్‌టెన్షన్ల తీరు మీద విమర్శలు పెరిగాక, 2025 మార్చిలో గూగుల్ క్రోమ్ వెబ్ స్టోర్ నిబంధనలు మార్చింది. వాడేవారికి స్పష్టమైన ప్రయోజనం ఇవ్వకుండా, వాళ్లు ఏమీ నొక్కకుండా అఫిలియేట్ లింకులు చొప్పించకూడదని అందులో ఉంది. నిబంధన ఉంది కదా అని మీరు కళ్లు మూసుకోకండి.

సర్వేలు, ఆటలు, వీడియోలకు పాయింట్లిచ్చే సైట్లు: జనం ఎక్కువ, కొనే ఉద్దేశం తక్కువ. మొదటి 6 నెలలు వీటి జోలికి వెళ్లకండి.

ఒకే కంపెనీకి సైటు, ఎక్స్‌టెన్షన్, మొబైల్ యాప్ మూడూ ఉండటం మామూలే. రిపోర్టులో అన్నీ ఒకే పేరుతో కలిసిపోతాయి. చేర్చుకునే ముందే వాటికి వేరువేరు ఐడీలు అడగండి. ఇవ్వలేమంటే, ఎక్స్‌టెన్షన్ వైపు ఆపేసి సైటు ఒక్కటే నడపమనండి. దీనికి ఒప్పుకునేవాళ్లు ఉన్నారు.

3. అప్రూవ్ నొక్కే ముందు షరతులు రాతలో పెట్టండి

ఫోన్‌లో మాట్లాడుకున్నవి తర్వాత నిలబడవు. ప్రోగ్రామ్ షరతుల్లో ఇవి తప్పక ఉండాలి:

- మీ షాపు పేరు మీద సెర్చ్ యాడ్స్ కొనకూడదు. మీ పేరు టైప్ చేసినవాడు మీ కస్టమరే, మధ్యలో ఇంకొకరికి కమిషన్ ఎందుకు?
- మీరు ఇచ్చిన కూపన్ కోడ్లు తప్ప వేరేవి పెట్టకూడదు. న్యూస్‌లెటర్ వాళ్ల కోసం ఇచ్చిన కోడ్ అక్కడ ప్రత్యక్షమైతే ఆ ఆర్డర్‌కి కమిషన్ ఉండదని రాయండి.
- కస్టమర్ వేరే అఫిలియేట్ లింక్ ద్వారా వచ్చి ఉంటే ఎక్స్‌టెన్షన్ తప్పుకోవాలి. లేకపోతే మీ సరుకు మీద శ్రద్ధగా సమీక్ష రాసి కస్టమర్‌ని పంపిన బ్లాగర్‌కి రావాల్సిన కమిషన్, చివరగా ఎవరి లింక్ మీద క్లిక్ పడిందో వాళ్లకి పోతుంది, ఆ బ్లాగర్ రెండోసారి మీ గురించి రాయడు.
- దేనిమీద కమిషన్ లేదో స్పష్టంగా: పన్ను, డెలివరీ చార్జీ, గిఫ్ట్ కార్డులు. గిఫ్ట్ కార్డు మర్చిపోయారంటే, దాన్ని క్యాష్‌బ్యాక్‌తో కొని, మళ్లీ ఆ కార్డుతో సరుకు కొని రెండోసారి క్యాష్‌బ్యాక్ తీసుకుంటారు.
- ఆర్డర్ ఎన్ని రోజుల్లో ఖాయం చేస్తారో. దీని గురించి 6వ మెట్టులో వివరంగా.

4. కమిషన్ అందరికీ ఒకేలా పెట్టకండి

కొత్త కస్టమర్‌కి ఎక్కువ, పాతవాడికి తక్కువ. ఇది పెట్టగలిగితే సగం సమస్య తీరుతుంది. ఉదాహరణకు కొత్తవాడికి 10 శాతం, పాతవాడికి 3 శాతం. చాలా నెట్‌వర్కుల్లో ఈ సౌకర్యం ఉంది, కాకపోతే ఆర్డర్‌తో పాటు "కొత్త" లేదా "పాత" అన్న సమాచారం మీ సైటు నుంచి వెళ్లేలా డెవలపర్‌తో చేయించుకోవాలి.

పాతవాళ్లకి పూర్తిగా సున్నా పెట్టకండి. క్యాష్‌బ్యాక్ వస్తుందనుకుని కొని, రాకపోతే కస్టమర్ తిట్టేది మిమ్మల్నే. 

మీ నెట్‌వర్క్‌లో కొత్త, పాత తేడా పెట్టే వీలు లేకపోతే ఆర్డర్ విలువకి మెట్లు పెట్టండి. మీ సగటు ఆర్డర్ 1000 అయితే, 1300 దాటినవాటికే మంచి కమిషన్. కస్టమర్ ఇంకో వస్తువు వేసుకోవడానికి అదొక కారణం అవుతుంది.

5. ట్రాకింగ్ పెట్టి, మీరే కొని చూడండి

నెట్‌వర్క్ ఇచ్చిన కోడ్ ముక్క "ధన్యవాదాలు" పేజీలో అతికించి ఊరుకుంటే సరిపోయే రోజులు పోయాయి. కస్టమర్ ఏ లింక్ నుంచి వచ్చాడో గుర్తుంచుకోవడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులే కుకీలు. సఫారీ బ్రౌజర్ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను, అంటే తెరిచిన సైటువి కాక బయటివాళ్లు పెట్టేవాటిని, పూర్తిగా అడ్డుకుంటోంది. పేజీలోని స్క్రిప్టులు పెట్టే కుకీల ఆయుష్షుని అంతకుముందే, 2019లో, 7 రోజులకు కుదించింది. కాబట్టి మీ షరతుల్లో 30 రోజుల కుకీ (క్లిక్ తర్వాత 30 రోజుల్లోపు కొంటే కమిషన్) అని రాసినా సఫారీలో ఆ ముప్పై రోజులు దక్కకపోవచ్చు. క్లిక్ ఐడీని (ప్రతి క్లిక్‌కీ నెట్‌వర్క్ ఇచ్చే నంబర్ని) మీ సర్వర్‌లో దాచుకుని, ఆర్డర్ అయ్యాక సర్వర్ నుంచి నేరుగా నెట్‌వర్క్ సర్వర్‌కు సమాచారం పంపే పద్ధతి పెట్టించండి. డెవలపర్ లేకపోతే, మీ షాపు నడిచే ప్లాట్‌ఫామ్‌కు నెట్‌వర్క్ వాళ్ల సొంత ప్లగిన్ ఉందేమో అడగండి.

తర్వాత టెస్ట్ ఆర్డర్లు. రివార్డ్ సైట్లో మామూలు సభ్యుడిలా ఖాతా తెరిచి, కింద చెప్పినవన్నీ ఒక్కొక్కటి చేసి చూడండి:

- కంప్యూటర్‌లో క్రోమ్ నుంచి ఒక ఆర్డర్.
- ఐఫోన్‌లో సఫారీ నుంచి ఒకటి.
- లింక్ నొక్కి, కార్ట్‌లో వేసి, మర్నాడు వచ్చి కొన్నది ఒకటి.
- మీకు మొబైల్ యాప్ ఉంటే, యాప్ ఉన్న ఫోన్‌లో లింక్ నొక్కి ఒకటి. ఎక్కువగా తెగేది ఇక్కడే. లింక్ నొక్కగానే యాప్ తెరుచుకుంటుంది, క్లిక్ ఐడీ దారిలో పడిపోతుంది, కస్టమర్‌కి క్యాష్‌బ్యాక్ రాదు.
- కూపన్ వేసి ఒకటి, గిఫ్ట్ కార్డు కొన్నది ఒకటి. గిఫ్ట్ కార్డుకి కమిషన్ పడకూడదు.

ప్రతిదానికీ మూడు చోట్ల చూడాలి: మీ ఆర్డర్ల జాబితా, నెట్‌వర్క్ రిపోర్టు, రివార్డ్ సైట్లో మీ సభ్యుడి ఖాతా. మూడింటిలోనూ విలువ ఒకేలా ఉందా? నెట్‌వర్క్‌లో పన్నుతో కలిపి, మీ దగ్గర పన్ను లేకుండా కనిపిస్తే ప్రతి ఆర్డర్ మీదా మీరు ఎక్కువ కడుతున్నట్టే. పని అయ్యాక టెస్ట్ ఆర్డర్లను క్యాన్సిల్ చేసి, నెట్‌వర్క్‌లో కూడా తిరస్కరించండి.

సైటు డిజైన్ మార్చినా, చెకౌట్ మార్చినా ఈ టెస్ట్ మొత్తం మళ్లీ చేయాలి.

6. ఆర్డర్లు ఖాయం చేయడం

ఈ పని అందరికీ విసుగే. డబ్బు నిలిచేదీ పోయేదీ మాత్రం ఇక్కడే.

ఆర్డర్ పడగానే కమిషన్ "పెండింగ్"లో ఉంటుంది. రిటర్న్ గడువు ముగిశాక మీరు ఖాయం చేయాలి, వెనక్కి వచ్చినవాటిని తిరస్కరించాలి. కొందరు తీరిక లేదని అన్నీ వాటంతటవే ఖాయమయ్యేలా పెట్టేస్తారు. ముందటి లెక్కే తీసుకోండి. 10 ఆర్డర్లలో 2 వెనక్కి వస్తాయి, ఒక్కో రిటర్న్‌కి రానూపోనూ ఖర్చు 120 అనుకుందాం. 8 ఆర్డర్ల మీద 196 చొప్పున 1568, అందులోంచి 240 పోతే 1328. ఆ రెండు రిటర్న్‌లకీ కమిషన్ కట్టేస్తే మరో 208 పోయి 1120. పది ఆర్డర్లకే ఇంత తేడా. నెలకు వేయి ఆర్డర్లయితే తడిసి మోపెడవుతుంది.

ఎన్ని రోజులు పెట్టాలి? మీ రిటర్న్ గడువు, డెలివరీకి పట్టే రోజులు, దాని మీద ఇంకో వారం. 15 రోజుల రిటర్న్, 5 రోజుల డెలివరీ అయితే 27 రోజులు, 30 అనుకోండి. భద్రత కోసమని 90 రోజులు లాగకండి. సభ్యులు సైటు పేజీలో మీ షాపు పక్కన "ఇన్ని రోజుల్లో వస్తుంది" అన్నది చూస్తారు, ఆలస్యం చేసే షాపుని వదిలేస్తారు.

ఒక షాపుకి పని చేస్తున్నప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. రిటర్న్‌ల షీటులో రెండు తేదీలుండేవి: ఆర్డర్ తేదీ, రిటర్న్ అడిగిన తేదీ. ఫార్ములాలో ఒకదాని బదులు ఇంకోటి పెట్టాను. దాంతో ఒక నెలలో సక్రమంగా నిలిచిన ఆర్డర్లు కూడా తిరస్కరణలోకి వెళ్లిపోయాయి. వారం తిరగకుండా కస్టమర్ కేర్‌కి ఫోన్లు: "వస్తువు వాడుతూనే ఉన్నాను, నా క్యాష్‌బ్యాక్ ఎందుకు రద్దయింది?" అన్నీ వెనక్కి సరిచేశాం, కమిషన్ కట్టాం, కానీ ఆ సైటు వాళ్లు తమ హోమ్ పేజీలోంచి మమ్మల్ని తీసేశారు. మళ్లీ అక్కడికి చేరడానికి నెలలు పట్టింది. అప్పటి నుంచి తిరస్కరణ ఫైల్ అప్‌లోడ్ చేసే ముందు అందులోంచి 10 ఆర్డర్లు తీసి, ఒక్కొక్కటీ షాపు సిస్టమ్‌లో తెరిచి కళ్లారా చూస్తాను. మీరూ చూడండి, పావుగంట పని.

ప్రతి తిరస్కరణకీ కారణం రాయండి: రిటర్న్, క్యాన్సిల్, చెల్లని కూపన్, ఒకే ఆర్డర్ రెండుసార్లు. ఖాళీగా వదిలితే సైటు వాళ్లు సభ్యుడికి చెప్పుకోలేరు. కొంత సరుకే వెనక్కి వస్తే మొత్తం తిరస్కరించకుండా విలువ తగ్గించండి.

"నా కొనుగోలు ట్రాక్ అవ్వలేదు" అనే ఫిర్యాదులు కూడా వస్తుంటాయి. వాటిని నెలకొకసారైనా చూసి తేల్చండి. ఫిర్యాదులు ఒక్కసారిగా పెరిగాయంటే సాధారణంగా అబద్ధాలు పెరిగినట్టు కాదు, మీ ట్రాకింగ్ ఎక్కడో తెగినట్టు. 5వ మెట్టుకి వెళ్లండి.

7. కొత్త అమ్మకాలు ఎన్నో తేల్చడం

ఇప్పుడు ఆ కాగితం తీయండి. నెట్‌వర్క్ నుంచి కనీసం 2 నెలల ఆర్డర్ల ఫైల్ దించుకుని మూడు పనులు చేయండి.

మొదటిది, క్లిక్‌కీ ఆర్డర్‌కీ మధ్య ఎన్ని నిమిషాలో ఒక కాలమ్ వేసి, తక్కువ నుంచి ఎక్కువకి సార్ట్ చేయండి. ఒక షాపు యజమానితో కూర్చుని ఈ పని చేసినప్పుడు మొదటి స్క్రీన్ నిండా 1, 2, 2, 3 నిమిషాలే. 9:14కి క్లిక్, 9:16కి ఆర్డర్. రెండు నిమిషాల్లో షాపు చూసి, వస్తువు ఎంచుకుని, అడ్రస్ రాసి, డబ్బు కట్టడం కుదరదు. ఆయన ఫోన్ తీసి తన షాపులోనే కొనబోయారు. చెకౌట్ పేజీలో అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో "కూపన్ కోడ్ ఉందా?" అన్న డబ్బా కనిపించింది. అది చూసిన ఎవరైనా కోడ్ కోసం బయటికి వెళ్తారు, దారిలో క్యాష్‌బ్యాక్ లింక్ నొక్కి తిరిగొస్తారు. ఆ డబ్బాని చిన్న లింకుగా మార్చి కిందికి జరిపాం. మరుసటి నెల ఫైల్లో రెండు నిమిషాల ఆర్డర్లు బాగా తగ్గాయి, షాపు మొత్తం ఆర్డర్లు తగ్గలేదు. మీ చెకౌట్ పేజీ కూడా ఈరోజే తెరిచి చూడండి.

రెండోది, ఆర్డర్ నంబర్లను మీ జాబితాతో కలిపి ఎంతమంది మొదటిసారి కొన్నవాళ్లో లెక్కపెట్టండి. కొత్త కస్టమర్ అయినంత మాత్రాన ఆ సైటు వల్లే వచ్చాడని కాదు, పాతవాడు అయినంత మాత్రాన దండగా కాదు. ఇది ఒక సూచన మాత్రమే. మీ షాపు మొత్తం మీద కొత్తవాళ్ల శాతంతో పోల్చినప్పుడే దీనికి అర్థం. షాపు మొత్తం మీద 40 శాతం కొత్తవాళ్లు ఉండి, ఈ సైటు నుంచి 15 శాతమే ఉంటే అనుమానించాల్సిందే.

మూడోది అసలు పరీక్ష: ఆపి చూడటం. ఒక సైటుని రెండు వారాలు ఆపండి, లేదా కమిషన్‌ని కనిష్ఠానికి దించండి, ముందు చెప్పి మరీ. ఆ రెండు వారాల్లో షాపు మొత్తం ఆర్డర్లు చూడండి. ఆ సైటు వారానికి 100 ఆర్డర్లు చూపించేది, ఆపాక మొత్తం మీద వారానికి 40 తగ్గాయనుకోండి. అంటే 100లో సుమారు 40 నిజంగా ఆ సైటు తెచ్చినవి. మీ గీత 35 అయితే ఉంచండి. 65 అయితే కమిషన్ తగ్గించాలి, లేదా కూపన్ కలవకుండా ఆపాలి.

జాగ్రత్తలు: సేల్ ఉన్న వారంలో, పండగ సీజన్లో ఈ పరీక్ష పెట్టకండి. అదే సమయంలో వేరే యాడ్స్ పెంచకండి, తగ్గించకండి. మీ షాపుకి వారానికి వచ్చే ఆర్డర్ల ఎగుడుదిగుడే 40 ఉంటే ఈ తేడా నమ్మదగ్గది కాదు, అప్పుడు రెండు వారాలు ఆపి రెండు వారాలు నడిపి, మళ్లీ అలాగే ఇంకోసారి చేయండి. పూర్తిగా ఆపడం భయంగా ఉంటే, సైటు వాళ్లను అడిగి ఒక ప్రాంతం సభ్యులకు మాత్రమే చూపించకుండా ఉంచమనండి. పెద్ద సైట్లలో కొన్ని ఇది చేయగలవు.

8. ఎక్కువ క్యాష్‌బ్యాక్ రోజులు

"ఈ వారం మీ రేటు రెట్టింపు చేస్తే హోమ్ పేజీలో పెడతాం" అని సైటు నుంచి మెయిల్ వస్తుంది. ఒప్పుకునే ముందు రెట్టింపు కమిషన్‌తో 1వ మెట్టులోని గీత మళ్లీ వేయండి. మన ఉదాహరణలో 16 శాతానికి కమిషన్ 160, నెట్‌వర్క్ వాటా 48, మొత్తం 208. భాగిస్తే దాదాపు 0.69. అది దాటేలా కొత్తవాళ్లు వస్తారని నమ్మకం ఉంటేనే సరే అనండి. కొత్త కస్టమర్లకు మాత్రమే ఆ రేటు పెడతామని బేరమాడండి, తరచూ ఒప్పుకుంటారు.

ఆ వారం ముగియగానే సంబరపడకండి. తర్వాతి మూడు వారాలు కూడా కలిపి నాలుగు వారాల మొత్తం చూడండి. వచ్చే వారం కొనాల్సినవాళ్లు ఈ వారమే కొనేస్తే, ఆఫర్ వారంలో పెరిగిన అమ్మకాలు తర్వాత అంతే లోతుకి పడతాయి.

ఎక్కువమంది చేసే తప్పులు

ఆర్డర్ల సంఖ్య చూసి సైటుకి ర్యాంకు ఇవ్వడం. ఎక్స్‌టెన్షన్లు ఎప్పుడూ పైనే ఉంటాయి, ఎందుకో 7వ మెట్టులో చూశారు.

రిపోర్టు బాగోలేదని అన్ని రివార్డ్ సైట్లనూ ఒకే రోజు తీసేయడం. ఏది పనికొచ్చేదో, ఏది కాదో ఇక ఎప్పటికీ తెలియదు. ఒక్కొక్కటిగా ఆపి చూడండి.

చెప్పకుండా కమిషన్ తగ్గించడం. సైటు వాళ్లు సభ్యులకు పాత రేటు చూపిస్తూనే ఉంటారు, నష్టం వాళ్లకి, చెడ్డపేరు ఇద్దరికీ. కనీసం వారం ముందు చెప్పండి.

రివార్డ్ సైటుని, సమీక్షలు రాసే అఫిలియేట్‌ని ఒకే రేటులో ఉంచడం. ఒకరు కస్టమర్‌కి మీ సరుకు గురించి చెబుతున్నారు, ఇంకొకరు కొనడానికి చివరి కారణం ఇస్తున్నారు. పని వేరు, రేటు కూడా వేరుగా ఉండాలి.

నెలకోసారి చూసుకోవాల్సిన షీటు

ఒక్కో సైటుకి ఒక వరుస. కాలమ్స్ ఇవి: ఆర్డర్లు, ఖాయమైనవి, తిరస్కరణ శాతం, కొత్తవాళ్ల శాతం, 5 నిమిషాల్లోపు ఆర్డర్ల శాతం, కూపన్ కలిసిన ఆర్డర్ల శాతం, నెట్‌వర్క్ వాటాతో కలిపి మొత్తం ఖర్చు, పరీక్షలో తేలిన కొత్త అమ్మకాల సంఖ్య, మీ గీత. చివరి రెండూ పక్కపక్కన పెడితే ఏ సైటు ఉండాలో కంటికే తెలిసిపోతుంది.

తిరస్కరణ శాతం మీ మామూలు రిటర్న్ శాతానికి రెట్టింపు దాటితే, ఆ సైటు నుంచి వచ్చిన ఆర్డర్ల అడ్రస్‌లు తిప్పి చూడండి. ఒకే ఇంటికి వేరువేరు పేర్లతో పది ఆర్డర్లు కనిపిస్తే సైటు వాళ్లకి ఆర్డర్ నంబర్లు పంపి ఆ ఖాతాలు ఆపించండి. మంచి సైట్లు వెంటనే స్పందిస్తాయి, ఎందుకంటే వాళ్ల డబ్బూ అందులో ఉంటుంది. రెండుసార్లు రాసినా జవాబు రాకపోతే, పెండింగ్‌లో ఉన్న సక్రమమైన ఆర్డర్లన్నీ ఖాయం చేసి, బకాయి లేకుండా కట్టేసి, ఆ తర్వాతే ఆ సైటుని ప్రోగ్రామ్‌లోంచి తీసేయండి.